ఊరి గొంతు ఊరు దాటాక

చావు జరిగిన ఇంట్లో తొమ్మిదో రాత్రి జాగారం. ఏడ్చేవాళ్ళు ఏడ్చి అలిసిపోయారు, పొరుగూళ్ళ చుట్టాలు ఇంకా కదల్లేదు, తెల్లవారేదాకా పొద్దు గడవాలి. ఫిలిప్పీన్స్‌లో తగాలోగ్ మాట్లాడే పల్లెలు అందుకోసం ఒక ఆట పెట్టుకున్నాయి. పేరు దుప్లో. రాజుగారు పెంచుకున్న చిలక మాయమైందంటారు. ఆ దొంగతనం ఎవరో ఒకరి మీద మోపుతారు. నింద పడ్డవాళ్ళు పద్యంలోనే జవాబు చెప్పుకోవాలి. మరొకరు లేచి, ఆ పద్యం మీద పద్యం కట్టి, వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకోవచ్చు. ఓడితే శిక్ష, పోయినవాళ్ళ ఆత్మశాంతికి ఒక జపం అప్పజెప్పడం. వాదన, కవిత్వం, దేవుడి మాట మూడూ ఆ వాకిట్లోనే కలిసి తిరిగేవి.

బులకాన్ ప్రాంతంలో ఈ ఆటలో ఆరితేరిన యువకుడు మార్సెలో ఇలారియో డెల్ పిలార్. ఇంటిపేరులోని అక్షరాలనే అటూ ఇటూ చేసి తర్వాతి రోజుల్లో ప్లారిడెల్ అని కలంపేరు పెట్టుకున్నాడు. ఫిలిప్పీన్స్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది హోసే రిసాల్. నవలలు రాశాడు, తుపాకీ గుళ్ళకు బలయ్యాడు, కథకు కావలసినవన్నీ అతని జీవితంలో ఉన్నాయి. అతనికంటే దాదాపు పదకొండేళ్ళు పెద్దవాడైన మార్సెలో, పరాయి దేశంలో ధర్మాసుపత్రి మంచం మీద క్షయతో దగ్గి దగ్గి పోయాడు. అలాంటి చావుకు విగ్రహాలు ఆలస్యంగా లేస్తాయి.

నా మటుకు రిసాల్ చావు కంటే మార్సెలో బతుకే ఎక్కువ బాధపెడుతుంది. తన ఆయుధం ఏదో తెలిసిన మనిషి, దాన్ని ఇంటి దగ్గరే వదిలేసి యుద్ధానికి వెళ్ళాల్సి రావడం ఈ కథ.

మార్సెలో 1850 ఆగస్టు 30న బులకాన్ పట్టణానికి చెందిన కుపాంగ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి హులియాన్ మూడుసార్లు ఊరికి గోబెర్నదోర్సిల్యోగా, అంటే ప్రభుత్వం గుర్తించిన ఊరి పెద్దగా, పనిచేశాడు. స్పెయిన్ ఏలుబడిలో స్థానికుడు ఆశపడగలిగిన పదవికి అక్కడితో సరి, ఆ పైమెట్టు తెల్లవాడిది. తల్లి బ్లాసా గాత్‌మైతాన్. పదిమంది సంతానం. వరి పొలాలు, చెరుకు తోటలు, చేపల చెరువులు, పశువులు తిప్పే గానుగ ఉన్న ఇల్లు. అసలు ఇంటిపేరు ఇలారియో. 1849లో గవర్నర్ జనరల్ క్లవేరియా ఇంటిపేర్ల మీద ఉత్తర్వు ఇచ్చాక డెల్ పిలార్ వచ్చి చేరింది. పన్ను లెక్కలు తేలికవుతాయని పాలకులు తెచ్చిన ఏర్పాటు అది. మార్సెలో పుట్టేసరికి ఆ పేరుకు ఏడాది వయసు.

హులియాన్‌కు తగాలోగ్ వ్యాకరణం మీద పట్టుంది, పద్యాలు అల్లేవాడు. ఇంట్లో పియానో ఉంది, వయొలిన్ ఉంది, వేణువు ఉంది, పిల్లవాడు మూడూ నేర్చుకున్నాడు. మే నెల పూల పండుగల్లో అతని వయొలిన్ మోగేది. కర్రసాము కూడా వచ్చు. బాబాయి అలేహో తొలి పాఠాలు చెప్పాడు. తర్వాత మనీలాలో హోసే ఫ్లోరెస్ నడిపే లాటిన్ బడి, ఆ తర్వాత సాన్ హోసే కళాశాల, చివరికి 1611 నాటి సాంతో తోమాస్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం. ఆ విశ్వవిద్యాలయం డొమినికన్ సన్యాసులది. సన్యాసి గురువుల పెత్తనాన్ని దేశంలో అందరికంటే పదునుగా ఎండగట్టిన మనిషికి వాదించడం నేర్పింది సన్యాసి గురువులే. అందులో వింతేమీ లేదు, దేశంలో పెద్ద చదువంతా వాళ్ళ చేతుల్లోనే ఉంది.

అసలు అన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. మనీలాలో గవర్నర్లు వస్తారు, పోతారు. ఊరి గుడిని నడిపే విచారణ గురువు మాత్రం పాతిక ముప్పై ఏళ్ళు కదలడు. బడి తనిఖీ ఆయనది, జనాభా లెక్క మీద సంతకం ఆయనది, ఊరి పెద్ద ఎన్నికలో మాట ఆయనది. పుట్టినా, పెళ్ళయినా, చచ్చినా రుసుము ఆయనకు కట్టాలి. అగస్తీనియన్లు, డొమినికన్లు, ఫ్రాన్సిస్కన్లు, రెకొలెక్టులు అని మఠాలు వేరైనా, వాళ్ళంతా స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళే. ఫిలిప్పీన్స్‌లో పుట్టి గురుపట్టం పొందినవాడు ఎంత చదివినా చాలాసార్లు వాళ్ళ కింద సహాయకుడే.

1869లో మార్సెలో మనీలాలోని సాన్ మిగెల్ గుడిలో ఒక బిడ్డకు జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అతనా బిడ్డకు చుట్టం కూడా కాదు. జ్ఞానస్నానానికి గురువు అడిగిన రుసుము మరీ ఎక్కువనిపించింది, ఇంతెందుకని అడిగాడు. అడిగిందల్లా అంతే. గురువు మండిపడ్డాడు, వ్యవహారం న్యాయమూర్తి దాకా పోయింది, కుర్రాడు ముప్పై రోజులు బిలిబిద్ జైల్లో కూర్చున్నాడు. దుప్లోలో వాదన ఓడినవాడికి జపం చెప్పడమే శిక్ష. ఇక్కడ న్యాయమైన ప్రశ్న అడిగినవాడికి జైలు. ఇరవై నిండని విద్యార్థికి అంతకంటే సూటి పాఠం ఏ ఆచార్యుడు చెప్పగలడు? చదువు మాత్రం అక్కడ ఆగిపోయి, చాలా ఏళ్ళకు గాని మళ్ళీ సాగలేదు.

ఈలోగా 1872 వచ్చింది. జనవరిలో కవితే కోటలో సిపాయిలు, ఆయుధశాల పనివాళ్ళు తిరగబడ్డారు. ప్రభుత్వం ఆ తిరుగుబాటును అణచడంతో ఆగక, స్థానిక గురువుల హక్కుల కోసం మాట్లాడిన వాళ్ళందరినీ అందులోకి లాగింది. ఫిబ్రవరి 17న బగుంబయాన్ మైదానంలో గోమెస్, బుర్గోస్, సమోరా అనే ముగ్గురు గురువులను గొంతు బిగించి చంపారు. మార్సెలో అన్న తొరీబియో కూడా గురువే. అతన్ని గువామ్ దీవికి పంపేశారు. మనీలాలో మార్సెలో తలదాచుకున్న ఇంటి యజమాని ఫాదర్ మరియానో సెవిల్యాకు కూడా అదే శిక్ష పడింది. కొడుకును ఓడెక్కించాక తల్లి బ్లాసా కోలుకోలేదు, ఆ దిగులుతోనే పోయిందంటారు. ఆ ఇంట్లో ఎవరూ కత్తి పట్టలేదు, ఎవరి మీదా నేరం రుజువు కాలేదు. అయినా ఇల్లు సగం ఖాళీ అయింది.

ఆ పైన కొన్నేళ్ళు పంపాంగాలో, కియాపోలో గుమాస్తా ఉద్యోగాలు. 1878లో మేనరికం లాంటి పెళ్ళి, బంధువులమ్మాయి మార్సియానాతో. ఇంట్లో ఆమె చానాయ్. ఏడుగురు పిల్లలు పుట్టారు, సోఫియా, అనీతా అనే ఇద్దరు ఆడపిల్లలే దక్కారు. 1881లో న్యాయశాస్త్ర పట్టా చేతికొచ్చింది, మనీలా ఉన్నత న్యాయస్థానంలో వకీలయ్యాడు. అప్పటికి వయసు ముప్పై దాటింది. ఒక జ్ఞానస్నానం రుసుము గురించి అడిగినందుకు పట్టిన ఆలస్యంలో అదీ ఒక భాగం.

పట్టా వచ్చిన వకీలు కక్షిదారుల ఇళ్ళ చుట్టూ తిరిగి డబ్బు చేసుకోవాలి. మార్సెలో కోడిపందేల బరుల చుట్టూ తిరిగాడు. పందేనికి వచ్చిన రైతులు, తిరునాళ్ళకు వచ్చిన కుటుంబాలు, మందుల షాపు అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు, చావింట జాగారం చేసేవాళ్ళు, అందరూ అతని శ్రోతలే. స్పానిష్ బాగా తెలిసినవాడు వాళ్ళతో తగాలోగే మాట్లాడాడు. వేదిక మీది తగాలోగ్ కాదది, సామెతా వెటకారమూ కలిసిన వాకిలి తగాలోగ్. పన్ను ఎందుకు కడుతున్నామో, ఎవరికి కడుతున్నామో, చట్టం ఏమంటోందో, గురువు ఏం చేస్తున్నాడో విడమరిచి చెప్పేవాడు. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వినవాడికి ఇంటికెళ్ళాక భయం సగం పోయేది.

1882లో దియారియోంగ్ తగాలోగ్ అనే పత్రిక మొదలైంది, సగం స్పానిష్, సగం తగాలోగ్. తగాలోగ్ భాగం మార్సెలో చూశాడు. అప్పుడే యూరప్ చేరిన రిసాల్ దేశభక్తి మీద స్పానిష్‌లో ఒక వ్యాసం పంపితే, దాన్ని తగాలోగ్‌లోకి తెచ్చింది అతనే. పత్రిక కొన్ని నెలలే బతికింది.

మలోలోస్ పట్టణం అతని రాజకీయ ప్రయోగశాల. అక్కడి పన్ను జాబితాల్లో విచారణ గురువు జోక్యం చేసుకోకుండా ఊరి అధికారులను కూడగట్టాడు. 1887లో కలరా భయంతో శవాలను గుడి లోపల పెట్టకూడదని పరిపాలనాధికారి బెనీన్యో కిరోగా ఉత్తర్వు ఇచ్చాడు. మలోలోస్ గురువు ఆ మాట ఖాతరు చేయలేదు. మార్సెలో మిత్రుడైన ఊరి పెద్ద మాత్రం ఆ ఉత్తర్వును చాటింపు వేయించాడు. అంత్యక్రియల మీద గుడికొచ్చే ఆదాయం దెబ్బతింది కాబట్టి గురువుల కోపం భక్తి కంటే ఎక్కువగా ఉంది. 1888 మార్చి 1న మనీలా వీధుల్లో ఊరేగింపు జరిగింది. అగ్రపీఠాధిపతితో సహా సన్యాసి గురువులను దేశం నుంచి పంపేయాలని రాణికి విన్నపం. సంతకాలు చేసినవాళ్ళలో మార్సెలో పేరు లేదు, విన్నపం రాసింది మాత్రం అతనే. వకీలు తెలివి అది.

ఆ ఏడాదే ఫాదర్ హోసే రొద్రీగెస్ అనే అగస్తీనియన్, రిసాల్ నవల చదవడం మహాపాపమని తగాలోగ్‌లో కరపత్రం వేసి గుళ్ళలో పంచాడు. మార్సెలో డొలోరెస్ మనాపత్ అనే మారుపేరుతో, అదే శీర్షికలోంచి ఒక్క అక్షరం తీసేసి, అదే తగాలోగ్‌లో తిప్పికొట్టాడు. దాని వెంటే దసలాన్ అత్ తొక్సోహాన్ వచ్చింది. చూడ్డానికి జపాల పుస్తకమే. తెరిస్తే సిలువ గుర్తు దగ్గర్నుంచి పరలోక జపం, మంగళవార్త జపం, పది ఆజ్ఞల దాకా అన్నీ ఉన్నాయి, కాకపోతే దేవుడి స్థానంలో సన్యాసి, వరాల స్థానంలో రుసుములు. పల్లెటూరి మనిషికి ఆ జపాలు కంఠతా వచ్చు. అందుకే పేరడీ మొదటిసారి వినగానే కంఠస్థమైపోతుంది. అచ్చయిన కాయితం గుంజుకోవచ్చు గాని, జపం చేస్తూ చేస్తూ ఫక్కుమని నవ్వొచ్చేవాణ్ణి ఏ పోలీసు పట్టుకోగలడు? చావింట జపం శిక్షగా చెప్పించిన ఆటలో పెరిగినవాడికే తట్టే ఎత్తు ఇది. ఈ చిన్న పుస్తకం తర్వాత అతను స్పెయిన్‌లో రాసిన వాటన్నిటికంటే గొప్పదని నేననుకుంటాను.

అదే అతన్ని ఊళ్ళో ఉండనీయలేదు. ఉదారవాదులైన అధికారులు వెళ్ళిపోయి, గవర్నర్ జనరల్‌గా వెయ్లర్ వచ్చాడు. అరెస్టు తప్పదని కబురందింది. 1888 అక్టోబరు 28న మార్సెలో మనీలా రేవులో ఓడెక్కాడు. సోఫియాకు ఊహ తెలిసింది, అనీతా ఇంకా పసిది. చానాయ్‌కి బహుశా రెండేళ్ళో మూడేళ్ళో అని చెప్పి ఉంటాడు.

1889 జనవరి 1న బార్సెలోనాలో దిగాడు. ఫిబ్రవరి 15న లా సొలిదారిదాద్ పత్రిక మొదలైంది, తొలి సంపాదకుడు గ్రాసియానో లోపెస్ హాయెనా. డిసెంబరుకల్లా ఆ బాధ్యత మార్సెలోదే అయింది, పత్రిక మాడ్రిడ్‌కు మారింది. పక్షపత్రిక. కోరికలు సౌమ్యమైనవే. ఫిలిప్పీన్స్‌కు స్పెయిన్ పార్లమెంటులో ప్రతినిధులు, చట్టం ముందు సమానత్వం, పత్రికా స్వేచ్ఛ, విచారణల మీద సన్యాసుల గుత్తాధిపత్యం రద్దు. ఆ పార్లమెంటులో ఫిలిప్పీన్స్‌కు ఒకప్పుడు చోటుండేది, 1837లో తీసేశారు. పోయింది తిరిగి ఇమ్మంటున్నారు, అంతే.

అంతా స్పానిష్‌లో. తప్పదు, ఒప్పించాల్సింది స్పెయిన్ మంత్రులను కదా. మార్సెలో స్పానిష్ గట్టిది, తర్కం బిగువైనది, ఎక్కడా తొణకదు. మాడ్రిడ్‌లో అలాంటి పత్రికలు బోలెడు. కోడిపందెం బరి దగ్గర అతను నోరు తెరిస్తే మూగిన జనం ఇక్కడ లేరు. జపాన్ని తిరగేస్తే ఉలిక్కిపడే చెవి ఇక్కడ లేదు. ఈ తేడా అతనికి తెలియనిది కాదు. స్పెయిన్ చేరిన కొన్ని వారాలకే, మలోలోస్‌లో ఇరవైమంది యువతులు స్పానిష్ నేర్చుకోవడానికి రాత్రిబడి కావాలని గవర్నర్‌ను అడిగారని తెలిసి పొంగిపోయాడు. వాళ్ళకు ఒక ఉత్తరం రాయమని రిసాల్‌ను అడిగాడు, రాసేది తగాలోగ్‌లో రాయమన్నాడు.

ఆ రిసాల్‌తోనే 1891 తొలి రోజుల్లో తేడాలొచ్చాయి. మాడ్రిడ్‌లోని ఫిలిప్పీనో సంఘానికి ఒక నాయకుడుండాలని, పత్రిక విధానం ఆ నాయకుడు చెప్పినట్టు నడవాలని రిసాల్ పక్షం. పత్రికకు డబ్బు పంపేది మనీలాలోని సంస్కరణవాదుల కమిటీ కాబట్టి అది స్వతంత్రంగా ఉండాలని మార్సెలో పక్షం. రోజుల తరబడి ఓట్లు, ఎటూ తేలలేదు. చివరికి తన మిత్రులను రిసాల్‌కే ఓటేయమని మార్సెలో చెప్పాడు. గెలిచిన రిసాల్ ఆ పదవిలో నిలవలేదు. మాడ్రిడ్ వదిలి వెళ్ళాడు, పత్రికకు రాయడం మానేశాడు. ఎవరిది తప్పని నూరేళ్ళుగా తగవు నడుస్తూనే ఉంది. నాకైతే ఇద్దరు నిజాయితీపరుల అహం అనిపిస్తుంది, అందులో డబ్బు లేనివాడికే దెబ్బ ఎక్కువ తగిలింది.

1892 జూలైలో రిసాల్‌ను పట్టుకుని దపితాన్‌కు ప్రవాసం పంపారు. మనీలాలో సంస్కరణవాదుల సంఘం రెండుగా చీలింది. ఒక పాయ నెలకు తలా ఐదు పెసోలు వేసుకుని లా సొలిదారిదాద్‌ను బతికిద్దామనుకుంది. రెండో పాయ పేరు కతిపూనాన్, దానికి విన్నపాల మీద నమ్మకం పోయింది. ఆ రహస్య సంఘం పుట్టింది మార్సెలో అక్క భర్త దెయొదాతో అరెల్యానో ఇంట్లో. తొలి అధ్యక్షుడూ ఆ బావగారే.

మాడ్రిడ్‌కు రావలసిన డబ్బు ఆలస్యమైంది, తగ్గింది, ఆగింది. మార్సెలో పూటలు మానేశాడు. చలికాలంలో ఒంటికి సరైన కోటు లేక, వీధిలో పారేసిన సిగరెట్ ముక్కలు ఏరుకుని కాల్చేవాడు. కుపాంగ్‌లో చేపల చెరువులూ గానుగా ఉన్న ఇంటి బిడ్డ. అలా ఏరుకుంటూనే పక్షం పక్షం ప్రూఫులు దిద్దాడు. ఇంటికి మాత్రం తగాలోగ్‌లో ఉత్తరాలు రాసేవాడు. వాటిలో తిరిగొచ్చే ప్రయాణం మాట పదేపదే వస్తుంది, పదేపదే వాయిదా పడుతుంది. పిల్లలు పెరుగుతున్న సంగతి కాయితం మీదే తెలుసుకున్నాడు.

1895లో హునోయ్ అనే సభ్యుడు ఫిలిప్పీన్స్ ప్రాతినిధ్యం కోసం పార్లమెంటులో బిల్లు పెట్టాడు, అది ముందుకు సాగలేదు. నవంబరు 15న లా సొలిదారిదాద్ ఆఖరి సంచిక వచ్చింది.

మరుసటి ఏడాది ముగ్గురినీ తీసుకుపోయింది. జనవరి 20న బార్సెలోనాలో లోపెస్ హాయెనా, క్షయ, దరిద్రం. మార్సెలో కూడా బార్సెలోనా చేరాడు. హాంకాంగ్ దాకా వెళ్తే ఇంటికి దగ్గరవుతాననీ, అక్కణ్ణుంచి పని మళ్ళీ మొదలుపెట్టొచ్చనీ ఆలోచన. ఊపిరితిత్తులు అప్పటికే పోయాయి. సాంతా క్రూస్ ఆసుపత్రిలో చేరి, జూలై 4 తెల్లవారుజామున కన్నుమూశాడు. నలభై ఐదేళ్ళు. కడసారి దివ్యసంస్కారాలు స్వీకరించాడంటారు. అతని పోరు దేవుడితో కాదు కాబట్టి నమ్మదగ్గ మాటే. పత్రికలో మొదటినుంచీ కుడిభుజంగా ఉన్న మరియానో పోన్సే అప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఖననానికి సొంత సమాధి కొనే స్తోమత ఎవరికీ లేదు. రెండు నెలలు తిరక్కుండా ఫిలిప్పీన్స్‌లో విప్లవం పేలింది. డిసెంబరు 30న బగుంబయాన్‌లో రిసాల్‌ను కాల్చారు. మార్సెలో అస్థికలు 1920 డిసెంబరులో మనీలా చేరాయి.

ఆ 1896లోనే, మార్సెలో బతికుండగానే, మనీలాలో కలయాన్ అనే రహస్య పత్రిక చేతులు మారింది. కతిపూనాన్ పత్రిక, తగాలోగ్‌లో ఉంది. అచ్చయిన చోటు యొకొహామా అనీ, సంపాదకుడు మార్సెలో డెల్ పిలార్ అనీ పోలీసుల కళ్ళు కప్పడానికి వేశారు. ఎమిలియో హసింతో అనే కుర్రాడు మార్సెలో పేరు మీద సంపాదకీయం రాశాడు. ఆ ఒక్క సంచికతో సంఘం సభ్యులు 300 నుంచి 30,000కు పెరిగారని కతిపూనాన్ సభ్యుడు పియో వలెన్సుయెలా తర్వాత చెప్పుకున్నాడు. లెక్క ఎంత పెంచి చెప్పాడో గాని, బులకాన్ పల్లెల్లో ఆ కాయితం అందుకున్నవాళ్ళు సంపాదకుడి పేరు చూసి నమ్మారు. కోడిపందేల దగ్గర విన్న మనిషే మళ్ళీ తమ భాషలో మాట్లాడుతున్నాడనుకున్నారు. అందులో మార్సెలో రాసినది ఒక్క ముక్క లేదు.